బేరము నేర్వని చదువు

(బెజవాడ పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



2025 ఆగస్టు మాసమున అమెరికా ప్రభుత్వము మన దేశపు సరకులపై సుంకమును నూటికి 50 వంతులకు పెంచెను. ఆ వార్త వచ్చినంతనే కైకలూరు, భీమవరము ప్రాంతముల చెరువుగట్లపై రొయ్యల ధర పడిపోయెను. మేత అప్పు తీరలేదు; కరెంటు బిల్లు ఆగలేదు. ధర యేల పడినదని రైతు అడుగగా, కొనువాడు చెప్పినదే సమాధానమయ్యెను. ఆ కోతలో సుంకపు పాలెంత, దళారి పాలెంత యని లెక్కగట్టి చెప్పగలవారు ఊరిలో నెందఱు? పట్టభద్రులు లేకపోలేదు, అర్థశాస్త్రము చదివినవారును కలరు. ఐనను ఆ లెక్క వారికి రాదు. నేడు నేను మనవి చేయదలచినది ఈ లోటును గూర్చియే.

ఇది మనకు క్రొత్త గాదు. 1611లో ఇంగ్లీషువారు బందరున వర్తకస్థానము నెలకొల్పిరి. మన అద్దకపు బట్టలు సముద్రములు దాటి ఐరోపా గృహముల నలంకరించెను. అచ్చటి నేతవారు మొఱపెట్టుకొనగా, ఇంగ్లండు పార్లమెంటు 1700లో వాని దిగుమతిని, 1721లో వాని వాడుకను నిషేధించుచు శాసనములు చేసెను. రంగు మనది, చేయి మనది. ఏ రేవున ఎంతకు అమ్ముడుపోవునో తెలుపు చిట్టా మాత్రము పరులది. నాడు అద్దకపువాడు ఎఱుగనిదే నేడు రొయ్యల రైతును ఎఱుగడు. సుంకము వేయు దేశము మారినది. మన అజ్ఞానము మారలేదు.

మన పెద్దలు ఈ సంగతిని గుర్తించిరి. 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిన కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లు చదువును చేతిపనితో ముడివేసిరి. పట్టాభిగారు వృత్తిచే వైద్యులయ్యును 1923లో ఆ పట్టణముననే ఆంధ్రా బ్యాంకును నెలకొల్పిరి. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు జన్మించినది ఈ బెజవాడలోనే. దాని తొలి వైస్ ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారు తెలుగున అర్థశాస్త్ర గ్రంథము రచించినవారు. పరిషత్తు 1930లో వాల్తేరునకు తరలినది. ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో లీనమైనది. సంస్థలు తరలవచ్చును, లీనము కావచ్చును. చదువునకును సంతకును నడుమ వారు వేసిన వంతెనను మాత్రము మనమే కూలనిచ్చితిమి.

నేటి కళాశాలలలో అంతర్జాతీయ వ్యాపారమను పాఠమే లేదని నేననను. ఇంగ్లండు గుడ్డ, పోర్చుగలు ద్రాక్షసారాయి యని రికార్డో 1817లో ఇచ్చిన ఉదాహరణమును విద్యార్థి వల్లించును. ఏ దేశము తనకు మిక్కిలి అనుకూలమైనదానిని ఉత్పత్తిచేసి మార్చుకొన్నచో ఇరువురికిని లాభమని దాని సారము. సిద్ధాంతము మంచిదే. కాని ఆ లాభములో ఎవరి వాటా యెంత యని అది తేల్చదు, బేరము తేల్చును. ఆ బేరమే మన పాఠములలో లేదు. 1963లో ఢిల్లీలో ఏర్పడిన భారత విదేశవ్యాపార సంస్థ 2022లో కాకినాడలో విద్యాప్రాంగణము తెఱచినది. సంతోషమే. కాని ప్రవేశపరీక్షలో నెగ్గిన కొలదిమందికి దక్కు విద్య డెల్టా రైతులకును, మిల్లు యజమానులకును, చిన్న వర్తకులకును అందునది కాదు.

న్యాయవాదిగా ఒక్క నిదర్శనము చెప్పెదను. ఎగుమతి ఒడంబడికలలో సి.ఐ.ఎఫ్. అను మూడక్షరములు తఱచుగ నుండును. ఓడకూలియు బీమాయు అమ్మువాడే చెల్లింపవలెనని దాని యర్థము. కావున ఆవలి రేవు చేరువఱకు సరకు పూచీయు తనదేయని అనేకులు తలంతురు. అది పొరపాటు. సరకు ఈవలి రేవున ఓడ నెక్కినతోడనే నష్టభయము కొన్నవానిపైకి పోవును. ఈ సంగతి యెఱుగక, నడిసముద్రమున తడిసిన సరకునకు తమ చేతిసొమ్ము వదలుకొన్నవారిని చూచితిని. ఇది కోర్టుమెట్లపై నేర్వవలసిన పాఠము కాదు, తరగతిలో నేర్వవలసినది.

దెబ్బ పరదేశమునుండియే వచ్చునని తలపవలదు. 2023 జూలైలో మన ప్రభుత్వమే బాసుమతి కాని తెల్లబియ్యపు ఎగుమతిని నిషేధించి, 2024 సెప్టెంబరులో ఆ నిషేధమును తొలగించెను. బియ్యము కొని తినువాని మేలు ఒకవైపు, పండించువాని ధర వేఱొకవైపు. రెండింటిని తూచనేర్వని పౌరుడు ప్రభుత్వమును మెచ్చుటయు గ్రుడ్డిదే, తిట్టుటయు గ్రుడ్డిదే.

కావున నా మనవి మూడు మాటలు. ఈ శాస్త్రమునకు తెలుగున పాఠ్యగ్రంథములు రావలెను. అందు మన బియ్యము, రొయ్య, మిరప, బందరు కలంకారి ఉదాహరణములు కావలెను. పట్టము పొందకమునుపే ప్రతి విద్యార్థియు ఒక సరకును చెరువుగట్టునుండి పరదేశపు రేవువఱకు, కాగితము వెంట కాగితముగా అనుసరించి లెక్క వ్రాయవలెను. మూడవది, ఈ విద్య కళాశాల గోడలు దాటి సాయంకాలపు తరగతులుగా రైతులకును వర్తకులకును అందవలెను. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టిన ఈ పట్టణమున అట్టి తరగతికి చోటు లేదని యెవరనగలరు? వారమున కొకనాడు ఈ మందిరముననే పాఠము చెప్పుటకు నేను సిద్ధముగ నున్నాను.

1855 నాటికి కృష్ణకు ఆనకట్ట కట్టుటచే, సముద్రము పాలగు నీరు మన పొలములకు మరలెను. నీరు నిలిచినది, పంట పండినది. ఆ పంట విలువ మాత్రము నేటికిని సముద్రము పాలగుచున్నది. దానికి కట్టవలసిన ఆనకట్ట ఱాతితో కట్టునది కాదు, చదువుతో కట్టునది. అది కట్టుట మన వంతు.