దైవము – పురుషకారము



నేడు నేను ముచ్చటింపబోవు విషయము క్రొత్తది కాదు. మనుష్యుడు తన పనికి తానే కర్తయా, లేక వెనుకనుండి యెవరో త్రాడు లాగగా నాడు తోలుబొమ్మయా యనునది ప్రశ్న. దీనిని మన పెద్దలు దైవపురుషకార వివాదమనిరి. పశ్చిమ దేశములవారు నియతివాదమనియు, స్వేచ్ఛావాదమనియు రెండు పక్షములు చేసి దీనినే చర్చించిరి. నేను చిత్తూరు ప్రాంతపు పాఠశాలలలో ముప్పదియేండ్లకు పైగా తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను, వేదాంతినని చెప్పుకొనజాలను. అయినను ఈ ప్రశ్న నన్ను గ్రంథములలో కంటె బడిలోనే యెక్కువగా బాధించినది. కావున మొదట శాస్త్రమును, పిదప నా కథను చెప్పెదను.

నాకు తెలిసిన వ్యాకరణముతోనే ప్రారంభింతును. పాణిని కర్తకు చెప్పిన లక్షణము స్వాతంత్ర్యము. క్రియయందు స్వతంత్రుడెవడో వాడే కర్త. ఆ వెంటనే, కర్తను ప్రేరేపించువానికి హేతువను పేరు కూడ నాతడు పెట్టెను. గురువు శిష్యునిచేత వ్రాయించెను అన్నప్పుడు వ్రాయించినవాడు గురువు. వ్రాసినవాడు మాత్రము శిష్యుడే. ప్రేరకుడున్నంత మాత్రమున చేసినవాని కర్తృత్వము పోదు. ఒకనాడు ఇంటిపని చేయక వచ్చిన బాలుడొకడు, "దేవుడు రాయించలేదు అయివారూ" అనెను. తరగతి యంతయు ఘొల్లున నవ్వెను. "సరే నాయనా, వ్రాయింపనివాడు దేవుడే యగుగాక, వ్రాయనివాడెవడు?" అని నేనంటిని. బ్రహ్మసూత్రములయందలి సిద్ధాంతమును దీనికి దగ్గరనే యున్నది. జీవుడు చేయు ప్రయత్నమును అపేక్షించియే ఈశ్వరుడు వానిని నడపించును. లేనిచో విధినిషేధములకు అర్థమే యుండదు. గీత పదునెనిమిదవ యధ్యాయమున కర్మకు ఐదు కారణములు చెప్పి, దైవమును అందు ఐదవదానిగా నుంచినది. ఐదింటిలో నొకటి యనుటచేత దైవము లేదనుటయు కాదు, దైవమే సమస్తమనుటయు కాదు.

ఈ వివాదము మన తిరుపతి వీథులలో నుదుటి నామములుగా కనబడుచునే యున్నది. తెంగలై వారిది మార్జాలన్యాయము. పిల్లి తన కూనను నోట కరచుకొని పోవును. కూన చేయవలసినది యేమియు లేదు. భగవంతుని కృపకు హేతువు నడుగరాదని పిళ్లైలోకాచార్యులు బోధించిరి. వడగలై వారిది మర్కటన్యాయము. కోతి కొమ్మనుండి కొమ్మకు దుముకునప్పుడు పిల్లయే తల్లి పొట్టను గట్టిగా పట్టుకొనవలెను. తిరుమలేశుని దయనే దేవిగా భావించి దయాశతకమును రచించిన వేదాంతదేశికులు సైతము, ఆ దయ ప్రవహించుటకు జీవుని వైపునుండి యొక వ్యాజమైనను, మిషయైనను కావలెననిరి. ఆ దయను అంతగా కీర్తించినవారే చేయి వదలవద్దని చెప్పుట గమనింపదగినది.

ఇక వాసిష్ఠము. వాయల్పాటికి సమీపమునందలి తరిగొండలో పుట్టి, తిరుమలలో జీవితము గడపి 1817లో పరమపదించిన వెంగమాంబ, ఆ గ్రంథమును వాసిష్ఠరామాయణమను పేర ద్విపదగా తెలుగు చేసెను. సంస్కృత వాసిష్ఠమున పురుషకారమునకు ఉన్నంత పట్టుదల మరియొకచోట నరుదు. దైవమనగా పూర్వము మనము చేసిన పురుషకారమే యనియు, ఆ పాతదియు నేటిదియు రెండు పొట్టేళ్ళవలె కొట్లాడుననియు, బలముగలది గెలుచుననియు నందు వసిష్ఠుడు రామునికి చెప్పును. పొట్టేళ్ళ పందెములు చూచిన మన సీమవారికి దీనికి వ్యాఖ్యానము అక్కరలేదు. వెంగమాంబ బాల్యముననే వైధవ్యము పొందినది. లోకము ఆమె నుదుట వ్రాసినది మూల కూర్చుండుమనియే. ఆమె కవిత్వము వ్రాసినది. నేడు తిరుమలలో వేలమంది భుజించు అన్నప్రసాద భవనము ఆమె పేరనే యున్నది.

మరియొక విచిత్రము వినుడు. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారిని 1909లో అడయారు సముద్రతీరమున దివ్యజ్ఞాన సమాజమువారు చూచి, ఇతడు జగద్గురువు కాగలడని నిశ్చయించిరి. 1911లో ఆయన కొరకు ఒక సంఘము వెలసినది. అంతటి సిద్ధమైన తలవ్రాత యెవరికి లభించును? 1929 ఆగస్టు 3వ తేదీన హాలండు దేశమందలి ఓమెన్‌లో ఆ సంఘమును ఆయనయే రద్దు చేసెను. దీనిని పురుషకార విజయమందమా? ఆయన అంగీకరింపరు. ఇదియో అదియో యని యెన్నుకొనుట స్వేచ్ఛ కాదు, కలతపడిన మనస్సునకే యెన్నిక కావలసివచ్చును, స్పష్టముగా చూచినవానికి సంశయమే లేదని ఆయన మతము.

ఆధునిక శాస్త్రజ్ఞులును ఈ గొడవలో దిగిరి. 1983లో బెంజమిన్ లిబెట్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు తన ప్రయోగఫలితములు ప్రకటించెను. చేయి కదల్పవలెనను కోరిక మనకు తెలియుటకు సెకనులో సుమారు మూడవవంతు కాలము ముందే మెదడులో విద్యుత్సన్నాహము మొదలగుచున్నదట. కొందరు దీనితో స్వేచ్ఛ కథ ముగిసినదనిరి. లిబెట్ మాత్రము, బయలుదేరిన పనిని ఆపివేయు శక్తి మనకు మిగిలియున్నదనెను. ఆ ప్రయోగమునకు అర్థమేమో ఇప్పటికిని పండితులు వాదించుకొనుచునే యున్నారు.

ఇక నా కథ. చాల యేండ్ల క్రిందట ఒక రైతు తన కుమారుని వెంటబెట్టుకొని నా యొద్దకు వచ్చెను. పిల్లవాడు తొమ్మిదవ తరగతిలో తప్పెను. తండ్రి చేత జాతకమున్నది. అందు విద్యాస్థానము చెడినదని యెవరో చెప్పిరట. ఆనాడు నాకు విసుగుగా నుండెను. దిద్దవలసిన కాగితముల కట్టలు ముందుండెను. "వీని నుదుట చదువు వ్రాయలేదులే" అంటిని. అంతే. ఆ సంవత్సరమే వాడు బెల్లపు గానుగకు పనికి పోయెను.

మొన్న చిత్తూరు బస్టాండులో నడివయస్సువాడొకడు నా కాళ్ళకు మ్రొక్కెను. వాడే. కుశలప్రశ్నలైన పిదప, ఏ నిష్ఠురమును లేక, "మీరు ఆ పొద్దు చెప్పినట్లే అయింది అయివారూ, నా నుదుట రాయలా" అనెను. నాకు నోట మాట రాలేదు. వాని నుదుట వ్రాసినది బ్రహ్మ కాదు, నేను. వ్రాయకుండుటకు నాకు పూర్తి స్వాతంత్ర్యముండెను. నోటివరకు వచ్చిన మాటను ఆపుకొనుటకు లిబెట్ చెప్పిన ఆ క్షణకాలమే చాలియుండెను. నేను నా స్వేచ్ఛతో అన్న మాట వానికి విధియైనది.

ఆనాటినుండి నాకొకటి తోచుచున్నది. దైవమని మనము పిలుచుదానిలో పెద్దభాగము ఇతరుల పురుషకారమే. తాతలు త్రవ్వించిన చెరువు మనుమలకు అదృష్టము. తాతలు పూడిపోనిచ్చిన చెరువు మనుమలకు దురదృష్టము. వసిష్ఠుడు చెప్పిన పాత పొట్టేలు ఎల్లప్పుడును మన మందలోనిదే కాదు. పొరుగువాడు తోలినదియు కావచ్చును. కావున రెండు న్యాయములలో నేది సత్యమని నన్నడిగినచో తీర్పు చెప్పజాలను గాని, వాడుక చెప్పగలను. నా తప్పును లెక్కించుకొనునప్పుడు నాకు మర్కటన్యాయము. పట్టు వదలినవాడను నేనే. పరుల తప్పును లెక్కించునప్పుడు మార్జాలన్యాయము. వారిని ఎవరు ఎక్కడ జారవిడిచిరో నేనెరుగను. మనము సాధారణముగా దీనిని తలక్రిందులు చేయుచుందుము. మన తప్పునకు గ్రహములను, పరుల తప్పునకు వారి బుద్ధిని కారణముగా చెప్పుదుము.

నాడు బస్టాండులో నేను వానిని క్షమింపుమని యడిగితిని. వానికి నా మాట యేమియు అర్థము కాలేదు. "నా బిడ్డ ఎనిమిది సదవతా ఉండాది. ఆ బిడ్డకన్నా సదువు వస్తాదా అయివారూ?" అని మాత్రమడిగెను. జాతకము చూపబోవునేమోయని భయపడితిని, చూపలేదు. "దానికి జవాబు నేను చెప్పరాదు నాయనా, బిడ్డను పుస్తకముతో పంపుము" అంటిని. ఇప్పుడా బాలిక ఆదివారములందు మా యింటికి వచ్చుచున్నది. పోయిన వారము సవర్ణదీర్ఘసంధిలో తప్పు చేసినది. నేను నోరు తెరువక మునుపే తానే చూచుకొని, తుడిచి, మరల వ్రాసినది.