వాడి పారవేయు వేపులు: ఉపయోగమెంత? వ్యర్థమెంత?

(గ్రామ కార్యకర్తల శిక్షణ తరగతిలో ఒక ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను ప్రసంగింపదలచిన వస్తువును మీలో అనేకులు చూచియుండరు. దాని పేరు వేప్. పేరు విని మన వేపచెట్టుతో దీనికి చుట్టరికము కలదని భావింపకుడు. ఆవిరి అను అర్థము గల ఇంగ్లీషు మాటనుండి పుట్టిన పేరిది. మన దేశమున 2019 నుండి దీని అమ్మకము నిషిద్ధమైనను పట్టణములందు చాటుమాటుగా అమ్ముచునే యున్నారు. విదేశములలో చదువుకొను మన పిల్లల సామానులోను ఇది వచ్చి చేరవచ్చును. కావున దీని సంగతి గ్రామములోని పెద్దలు ఎరిగియుండుట మంచిది.

ఇది వ్రేలెడు పొడవు గల రంగురంగుల గొట్టము. లోపల ఒక చిన్న లిథియం బ్యాటరీ, సన్నని తీగచుట్ట, ద్రవముతో తడిపిన దూదివంటి పదార్థము ఉండును. గొట్టమును నోట పెట్టి పీల్చినంతనే తీగ వేడెక్కి ద్రవము ఆవిరియగును. ఆ ద్రవములో గ్లిసరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, పండ్ల వాసనలను పోలిన ద్రవ్యములు, నికోటిన్ కలిసియుండును. మన ఒంగోలు, గుంటూరు ప్రాంతపు రైతులు పండించు పొగాకులో మనిషిని పట్టి విడువని పదార్థమేదో అదియే ఈ నికోటిన్.

ఈ సాధనము దురుద్దేశముతో పుట్టినది కాదు. నేటి రూపమునకు మూలమైన పరికరమును 2003లో చైనా దేశమున హాన్ లిక్ అను ఔషధశాస్త్రజ్ఞుడు రూపొందించెను. ఆయన స్వయముగా సిగరెట్టు వ్యసనపరుడు. సిగరెట్టులో ఆకు కాలును; కాలుటవలననే తారు, కార్బన్ మోనాక్సైడ్ పుట్టి శరీరమును కూల్చును. వేపులో ఆకు కాలదు. కావున సిగరెట్టును పూర్తిగా మాని దీనికి మారిన వాని శరీరములో చేరు విషము చాల తగ్గును. వైద్య పరిశోధనలను క్రోడీకరించి పరీక్షించు కోక్రేన్ సంస్థవారు, నికోటిన్ బంకలు, పట్టీలకంటె నికోటిన్ వేపుల సాయముతో సిగరెట్టు మానగలిగినవారు ఎక్కువని 2022లో దృఢముగా ప్రకటించిరి. అనగా ఇది నిరపాయకరమని కాదు. ఎన్నడును పొగ త్రాగని వానికి దీనివలన లాభమేమియు లేదు.

ఐతే ఈ మేలు ఆవిరివలన కలుగునదియే కాని, వాడి పారవేయుటవలన కలుగునది కాదు గదా! ద్రవమును మరల పోసికొని, బ్యాటరీని మరల ఛార్జి చేసికొను వేపులు అంతకుముందే కలవు. వాటికి లేనిదేమి, వీటికి ఉన్నదేమి అని విచారింపగా తేలునది సౌకర్యము మాత్రమే. నింపుట నేర్చుకొననక్కరలేదు, వెల స్వల్పము. వణకు చేతుల వృద్ధునకు అది నిజమైన సౌకర్యమే యని నేను ఒప్పుకొందును. కాని ఆ చౌకదనమే, ఆ రంగులే, ఆ మామిడి పుచ్చకాయల వాసనలే బడిపిల్లలను ఆకర్షించినవి.

ఇవి అంగళ్ళలో బాహాటముగా అమ్ముడుపోయిన బ్రిటను దేశపు అనుభవము మనకు ఉపయోగపడును. అచ్చటి చట్టము ప్రకారము ఒక గొట్టములో 2 మిల్లీలీటర్లకు మించి ద్రవము ఉండరాదు. ఆ కాస్త ద్రవము ముగియగానే గొట్టము చెత్తబుట్ట పాలగును. బ్యాటరీ మాత్రము సజీవముగనే యుండును. లండను, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయముల పరిశోధకులు ఇట్టి బ్యాటరీలను వెలికితీసి పరీక్షింపగా, 450 సార్లకు పైగా మరల ఛార్జి చేసి వాడుకొనదగినవని 2023లో తేలినది. దీపములో కిరసనాయిలు అయిపోయినదని దీపమునే చెరువులోనికి విసరివేయు ఇల్లాలిని మనమెన్నడైన చూచితిమా?

2023లో ఆ దేశమున వారమునకు సుమారు 50 లక్షల వేపులు చెత్తలోను, వీథులలోను పారవేయబడినవని అంచనా. అంతకు ముందటి యేటికి ఇది దాదాపు నాలుగు రెట్లు. 2022లో పారవేసిన వాటియందలి లిథియమే 40 టన్నులు దాటినదట. 5,000 విద్యుత్తు మోటారు వాహనముల బ్యాటరీలకు అది సరిపోవును. లిథియము ఊరక దొరకునది కాదు. చిలీ దేశపు అటకామా ఎడారిలో భూగర్భమునుండి ఉప్పునీటిని తోడి ఎండబెట్టియు, ఆస్ట్రేలియాలో రాతిని త్రవ్వి పిండిచేసియు దానిని తీయుచున్నారు. అట్టి వస్తువు కొలది దినముల సరదా తీర్చి చెత్తబండి కెక్కుచున్నది. అంతటితో పోక, బండిలో నలిగినపుడు బ్యాటరీ చిట్లి నిప్పంటుకొనును.

తుదకు 2025 జూన్ 1 నుండి బ్రిటనులో ఒకమారు వాడి పారవేయు వేపుల అమ్మకమును నిషేధించిరి. బెల్జియము ఆ యేడు జనవరిలోను, ఫ్రాన్సు ఫిబ్రవరిలోను ముందుగనే ఆ పని చేసినవి. తయారీదారులు తెలివైనవారు. వెంటనే ఛార్జి చేయు రంధ్రమును, మార్చదగిన తిత్తిని జోడించి అదే పోలికగల గొట్టములను విపణిలోనికి దింపిరి. కొన్నవాడు ఆ రంధ్రమును వాడక పారవేసినచో చట్టమేమి చేయగలదు?

మన దేశపు మార్గము వేరు. 2019 సెప్టెంబరులో అత్యవసర శాసనముద్వారా, డిసెంబరులో చట్టముద్వారా వేపుల తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకము, ప్రకటన, నిల్వ సమస్తమును నిషేధింపబడినవి. మొదటి నేరమునకు ఏడాది వరకు చెరసాల గాని, లక్ష రూపాయల వరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. నిల్వ చేసినచో ఆరు నెలల వరకు చెర, 50,000 రూపాయల వరకు జుల్మానా.

“బీడీని విడిచి వేపును పట్టుకొన్నారేమి?” అని మీరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. 2016–17 సర్వే ప్రకారము మన దేశమున పొగాకు వాడు వయోజనులు దాదాపు 27 కోట్లు. వారిలో కొందరికి వేపు మెట్టు కాగలదను వాదము కలదు. కాని ఇన్ని కోట్లమంది దేశమున పిల్లలకు క్రొత్త వ్యసనము అంటుటయే పెద్ద ప్రమాదమని ప్రభుత్వము తలచినది. ఒక్కొక్కరు వారమున కొకటి చొప్పున పారవేసినచో మన ఊరి దిబ్బలేమగునో లెక్కవేసికొనినవాడను గనుక నాకు ఆ నిర్ణయము సబబనియే తోచును. బీడీ మానదలచినవారు ప్రభుత్వాసుపత్రిలో సలహా పొందవచ్చును. నికోటిన్ బంకలు మందుల దుకాణములందు దొరకును.

ఇక మీ ఊరిలో ఇట్టి గొట్టము కనబడినచో దానిని పగులగొట్టరాదు, పొయ్యిలో వేయరాదు, గడ్డివామి దాపున గాని ఎండలో గాని ఉంచరాదు. అందలి ద్రవము పసిబిడ్డ నోటికి పోయినచో ప్రాణాపాయము. క్షణము జాగుచేయక ఆసుపత్రికి కొనిపోవలెను. గొట్టమును పొడి ఇసుక పోసిన రేకుడబ్బాలో ఉంచి, సమీపమున నున్న పోలీసు ఠాణాలో అప్పగింపుడు. ఇచ్చునపుడు లోపల బ్యాటరీ యున్నదని చెప్పుట మరువకుడు.