చేప వచ్చేదాకా సూది మానవద్దు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా ముప్పయ్యారేళ్ళు ఫైళ్ళు మోసినవాడిని. వైద్యం నా సబ్జెక్టు కాదు. అయినా మా ఇంట జరిగినది మీతో చెప్పుకోవడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మా మనవడికి పద్నాలుగేళ్ళు. వాడిది టైప్-1 మధుమేహం. మనలో చాలామందికి షుగర్ మాత్రలతో నడుస్తుంది. వాడి ఒంట్లో ఇన్సులిన్ తయారే కాదు; రోజుకు నాలుగు సూదులు తప్పవు. "ఎన్నాళ్ళు తాతయ్యా?" అని అడిగితే నేను చదివిన సంగతి ఉత్సాహంగా చెప్పాను. జన్యువులు మార్చిన చేప నుంచి ఇన్సులిన్ కణాలు తీసి మనిషికి అమర్చే ప్రయత్నం జరిగిందని.

నేను చెప్పింది అబద్ధం కాదు. కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయంలో డాక్టర్ జేమ్స్ రైట్ బృందం తిలాపియా చేపను ఎంచుకుంది. మనిషికి ఇన్సులిన్ కణాలు క్లోమమంతా చెదిరి ఉంటాయి, ఏరడం కష్టం. తిలాపియాలో అవి విడిగా ముద్దలుగా ఉంటాయి. వాటిని మధుమేహమున్న ఎలుకలకు పెడితే షుగర్ అదుపులోకి వచ్చింది. అయితే చేప ఇన్సులిన్ మన ఇన్సులిన్ లాంటిది కాదు. అందుకే జన్యువు మార్చి, దాదాపు మనిషి ఇన్సులినే ఇచ్చే తిలాపియాను తయారుచేసి 2004లో ప్రకటించారు. నేలలోని బాక్టీరియా జన్యువును పెట్టిన బీటీ పత్తిని మన గుంటూరు, ప్రకాశం రైతులు 2002 నుంచి చూస్తున్నారు కదా, ఇదీ ఆ కోవదే.

నేను చెప్పకుండా వదిలేసింది ఒక్కటే. ఆ కణాలు మనుషులకు చికిత్సగా రాలేదు. పరాయి కణాన్ని మన ఒళ్ళు ఊరుకోదు, దాడి చేస్తుంది. 2023లో అమెరికా అనుమతించిన కణచికిత్స కూడా మరణించిన దాతల క్లోమం నుంచి తీసిన కణాలతోనే. అదీ షుగర్ ప్రమాదకరంగా పడిపోతుండే కొందరు పెద్దలకే.

పిల్లవాడు ఇదంతా ఎరుగడు. "ఎలాగూ చేప వస్తుందిగా" అనుకుని, సూది వేసుకున్నానని రెండు రోజులు వాళ్ళమ్మతో అబద్ధమాడాడు. మూడోనాడు వాంతులు, ఆయాసం. ఆస్పత్రికి చేర్చేసరికి మగతలో ఉన్నాడు. దేవుడి దయవల్ల, డాక్టర్ల పుణ్యాన దక్కాడు. తప్పు వాడిది కాదు, సగం కబురు చెప్పిన నాది.

ఇంకొక మాట. మన ప్రాంతపు చెరువుల్లో పెంచే గిఫ్ట్ తిలాపియా జన్యువు మార్చిన చేప కాదు. తరతరాలుగా మేలైనవాటిని ఏరి వృద్ధి చేసిన రకం. ఏ చేప తిన్నా ఇన్సులిన్ ఒంటికి పట్టదు. కడుపులో అరిగిపోతుంది. సూదిగా ఇచ్చేది అందుకే.

మిత్రులారా, శాంక్షన్ ఆర్డరు చేతికి రానిదే మనం ఎన్నడూ బిల్లు పాస్ చేయలేదు. మందు విషయంలోనూ అదే పద్ధతి. మనవలకు ఆశ చెప్పండి, ఆ పక్కనే "ఇంకా రాలేదు" అనీ చెప్పండి. డాక్టరు చెప్పనిదే సూది మాననివ్వకండి.