పన్ను కడదాం, తప్పు లెక్కను ఒప్పుకోం

(నందిగాం మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జీడిపిక్కల ధర గురించి, కొబ్బరి తెగుళ్ల గురించి, వంశధార నీళ్ల గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు ఇంటి పన్ను గురించి మాట్లాడుకుందాం. ఇది రైతు సమస్యేనా అని కొందరు అడుగుతున్నారు. పొలం అరెకరమే ఉన్నవాడికీ, అసలు లేని కౌలు రైతుకీ కూడా ఇల్లంటూ ఒకటి ఉంటుంది. ఆ ఇంటికి డిమాండు నోటీసు వస్తుంది. అందులో అంకె తప్పు పడితే అది ఒక్క ఏడాదితో పోదు. కట్టకపోతే బకాయి అవుతుంది, కడితే వచ్చే ఏడాది లెక్కకు అదే పునాది అవుతుంది.

ముందే ఒక మాట. పన్ను ఎగ్గొట్టమని మనం చెప్పడం లేదు. ఇంటి పన్ను పంచాయతీ సొంత ఆదాయం. వీధి దీపం వెలగాలన్నా, కుళాయి పారాలన్నా, కాలువలో మురుగు తీయాలన్నా ఆ డబ్బు కావాలి. అయితే చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఏ పన్నూ వేయకూడదు, వసూలు చేయకూడదు అని రాజ్యాంగం 265వ అధికరణం చెబుతోంది. మన పంచాయతీలకు ఆ అధికారం 1994 పంచాయతీరాజ్ చట్టం నుంచి, దాని కింద చేసిన నిబంధనల నుంచి వచ్చింది. కాబట్టి ప్రతి పన్ను వెనకా ఒక లెక్క ఉండి తీరాలి. ఆ లెక్క చూపించమని అడగడం తగాదా కాదు, మన హక్కు.

లెక్క ఎక్కడ తప్పుతోంది? మన ఊళ్లలో ఇళ్లు వీధి పొడవునా ఒకే వరసలో గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. అన్నదమ్ములు పంచుకున్న ఇల్లు బయటనుంచి ఒక్కటిగానే కనిపిస్తుంది. మొత్తం ఇంటి కొలత అన్న పేరున ఒకసారి, తమ్ముడి పేరున ఒకసారి రాస్తే ఒకే ఇంటికి రెండు పన్నులు పడ్డట్టే. పెరట్లో గొడ్ల శాలను కూడా కలిపేసి మొత్తం స్లాబు ఇల్లని రాస్తే అదీ తప్పే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకు మన ఉద్దానంలో తోటలతో పాటు ఇళ్లూ కూలాయి. కూలిన వంటిల్లు పుస్తకంలో మాత్రం ఇంకా నిలబడే ఉంటే దానికీ పన్ను పడుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. 40 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు ఉన్న పెంకుటిల్లు 720 చదరపు అడుగులు. వెడల్పు 28 అని రాస్తే అదే ఇల్లు 1,120 చదరపు అడుగులు అవుతుంది. ఒక్క అంకె మారితే 400 అడుగులు పెరిగిపోయాయి. పైగా పెంకుకు బదులు స్లాబు అని పడితే విలువ ఇంకా పెరుగుతుంది. మనల్ని ముంచేది చాలాసార్లు పన్ను రేటు కాదు, ఇలాంటి కొలతే.

పలాస-కాశీబుగ్గ మునిసిపాలిటీలో ఇళ్లున్న మనవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. 2020లో చట్టం మార్చాక, 2021 ఏప్రిల్ నుంచి పట్టణాల్లో పన్ను అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. నివాసానికి 0.10 నుంచి 0.50 శాతం, నివాసం కానిదానికి 0.20 నుంచి 2 శాతం దాకా వేయవచ్చు. ఇంట్లో కూర్చుని జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ల ఇంటిని వ్యాపార భవనంగా రాస్తే ఎంత తేడా వస్తుందో మీరే ఆలోచించండి.

మరి ఏం చేయాలి? నోటీసు అందగానే అందిన తేదీ దాని మీదే రాసుకోండి. అభ్యంతరానికి గడువు ఉంటుంది, అది దాటనివ్వొద్దు. ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్ల ఎదుట టేపుతో ఇల్లు కొలిచి, కాగితం మీద గీత గీసి, వాళ్ల చేత సంతకాలు పెట్టించండి. పాత రసీదులు, పంపకాల కాగితం, ఇంటి ఫొటో జత చేయండి. పన్ను ఎక్కువైంది అని ఊరికే రాస్తే లాభం లేదు. వెడల్పు 28 కాదు 18, కప్పు స్లాబు కాదు పెంకు అని రాయాలి. పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీతో సంతకం తీసుకోండి. నోటి మాటకు రికార్డు ఉండదు.

మన ఇంటి కొలత పుస్తకంలో ఎలా రాశారో చూపించకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. అప్పటికీ కదలకపోతే పై అధికారులకు, సోమవారం అర్జీల కార్యక్రమంలో కలెక్టరు గారికి అర్జీ పెట్టండి. అర్జీ పెట్టాం కదా అని మొత్తం పన్ను ఆపొద్దు. తగాదా లేని మొత్తం కట్టి రసీదు తీసుకోండి. తీసుకోమంటే ఆ మాటే రాసిమ్మనండి.

పన్ను లెక్క మీద కొట్లాట మనకు కొత్త కాదు. 1919లో చీరాల, పేరాలను కలిపి మునిసిపాలిటీ చేస్తే ఏడాదికి 4 వేల రూపాయలున్న పన్ను 40 వేల దాకా పోయింది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో 1921లో జనం ఇళ్లు విడిచి, ఊరి బయట రామనగరం కట్టుకుని నెలల తరబడి పాకల్లో ఉన్నారు. 1928లో బార్డోలీ రైతులు శిస్తు పెంపును ఎదిరించారు. సర్కారు దాదాపు 22 శాతం పెంచింది. విచారణకు వచ్చిన అధికారులు ఊరూరా తిరిగి లెక్క చూస్తే 6 శాతానికి కాస్త పైన మాత్రమే నిలిచింది. పట్టుదలతో పాటు లెక్క కూడా రైతుల పక్షాన ఉంది. 1940లో అఖిల భారత కిసాన్ సభ మన పలాసలోనే జరిగింది. ఆ గడ్డ మీద ఉన్న మనకు టేపు పట్టుకోవడం కష్టమా?

ఒక్కడు అర్జీ పెడితే వాడి గొడవగా చూస్తారు. వీధి మొత్తం కొలతలతో వెళితే మళ్లీ కొలవక తప్పదు. వలస వెళ్లినవాళ్ల తాళం వేసిన ఇళ్లు, ఒంటరి ముసలమ్మల ఇళ్లు మనమే కొలిచి పెడదాం. కొలత తక్కువ పడిన పెద్ద ఇల్లు కనిపిస్తే దాన్నీ దాచొద్దు. సరైన లెక్క అందరికీ ఒకటే అయినప్పుడే మన మాటకు బలం.

ఊరికి ఐదుగురితో జట్టు కడదాం. ఈ నెలాఖరుకు ప్రతి ఊరి జాబితా సంఘానికి చేరాలి. దాన్ని గ్రామసభలో చదివి తీర్మానం కోరదాం. మన ఇల్లు ఎంతో మనకు తెలుసు. పుస్తకంలోనూ అంతే ఉండాలి.