గెలిచినవారి మొదటి పాట

ఉగాది పచ్చడి తిని, పాటకచేరీ కోసం ఎదురుచూస్తున్న సభలో ప్రసంగం చేయడం సాహసమే. మాకప్పగించిన విషయం, టెలివిజను పోటీలలో గెలిచిన గాయకుల తొలి రికార్డు. మాకు శ్రుతిజ్ఞానం తక్కువని కార్యవర్గంవారెరుగనిది కాదు. అయినా ఇచ్చారు గనుక చెబుతాము.

అమెరికాలో టెక్సాసు రాష్ట్రాన బర్లెసన్ అని ఒక ఊరు. ఆ ఊరి పిల్ల కెల్లీ క్లార్క్‌సన్. 2002లో అమెరికన్ ఐడల్ అనే పోటీ మొట్టమొదటిసారి జరిగినప్పుడు ఆమెకు ఇరవై యేళ్ళు. సెప్టెంబరు 4న గెలిచింది. 17వ తేదీకల్లా ఆమె తొలి రికార్డు 'ఎ మోమెంట్ లైక్ దిస్' అంగళ్ళలో ఉన్నది. పదమూడు రోజులలో పాట ఎట్లా తయారైనదని మీరడుగవచ్చును. తయారు కాలేదు, ముందే తయారై ఉన్నది. ఆఖరి పోటీలో ఆమె, ఆమెతో పోటీపడిన జస్టిన్ గ్వారీనీ ఇద్దరూ ఆ పాటనే పాడారు. ఎవరు గెలిచినా పాట అదే. మనది నేతవారి ఊరు కనుక ఇట్లా చెబుతాము: రవిక ముందే కుట్టిపెట్టి, తొడుక్కునే మనిషిని తర్వాత వెతికినట్లు.

ఆ పాట కట్టినవారిలో ఒకరైన యోర్గెన్ ఎలోఫ్సన్ స్వీడను దేశస్థుడు. అదే సంవత్సరం ఇంగ్లండులో పాప్ ఐడల్ పోటీ గెలిచిన విల్ యంగ్ తొలి రికార్డులోని 'ఎవర్‌గ్రీన్' పాటలోనూ ఆయన చెయ్యి ఉన్నది. అది అంతకుముందే వెస్ట్‌లైఫ్ బృందం పాడిన పాట. ఇక కెల్లీ పాటనే 2006లో ఇంగ్లండులో మరొక పోటీ గెలిచిన లియోనా లూయిస్‌చేత పాడించారు. క్రిస్మసునాటికి అక్కడ అది మొదటి స్థానంలో నిలిచింది.

వ్యాపారంగా చూస్తే తప్పు పట్టేందుకు లేదు. వారాల తరబడి చూసి, ఫోనుచేసి గెలిపించిన జనానికి ఆ వేడి చల్లారకముందే పాట చేతిలో పెట్టాలి. కెల్లీ పాట అమెరికా పట్టికలో 52వ స్థానం నుంచి ఒక్క గంతున 1వ స్థానానికి చేరింది. 1964లో బీటిల్స్ పాట 27 నుంచి 1కి ఎగిరిన రికార్డు దానితో పోయింది. విల్ యంగ్ రికార్డు మొదటి వారంలోనే పదకొండు లక్షలు దాటి అమ్ముడైనది. కెల్లీ తర్వాత మంచి పాటలు పాడింది, 2006లో రెండు గ్రామీలు అందుకున్నది. కనుక కుట్టిపెట్టిన రవిక ఆమెకు చెరుపు చేయలేదనే అనాలి. అందరి సంగతీ అట్లా ఉండదు.

మనవారి మాట కూడా ఒకటి. ఇండియన్ ఐడల్ పోటీని 2010లో శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ గెలిచారు. ఇద్దరూ తెలుగువారు, పోటీ హిందీలో. మాతృభాష కాని భాషలో పాడి మెప్పించడం ఎంత కష్టమో షోలాపురంలో ఉన్న మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక అసలు సంగతి. పోయిన ఉగాదికి మన సంఘం పిల్లలకు పాటలపోటీ పెట్టి, గెలిచినవారి పాట రికార్డు చేయించి అందరి ఫోన్లకూ పంపింది. ఆ పాట ఏదో పోటీకి ముందే మేము నిర్ణయించాము. సంఘాన్ని కీర్తిస్తూ మాలోనే ఒకరు రాసిన గీతం, సమాసాలకు కొదవలేదు. గెలిచిన పిల్ల మరాఠీ బడిలో తొమ్మిదో తరగతి. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. గీతాన్ని నాగరి అక్షరాలలో రాసుకున్నది. మరాఠీ రాతలో ఒ, ఓలకు వేరువేరు గుర్తులు లేవు కదా! 'తల్లి ఒడి' కాస్తా 'తల్లి ఓడి' అయింది. నాలుగుసార్లు పాడించారు, నాలుగుసార్లూ తల్లి ఓడింది. పిల్ల ఏడ్చింది. రికార్డింగువారికి గంటల లెక్కన డబ్బివ్వాలి కనుక మేము సరేనన్నాము.

ఆ పాట విని నవ్వినవారు ఈ సభలోనూ ఉన్నారు. ఈ సంవత్సరం పోటీకి ఆ పిల్ల పేరు ఇవ్వలేదు. ఎందుకని అడగబోతే వాళ్ళ నాయనమ్మ మాతో అన్న మాట ఇది: "నా మనుమరాలికి తెలుగు రాదని అంటున్నరట గదా అయ్యా. దానికి రానిది తెలుగు గాదు, మీ పాట."

మేము జవాబు చెప్పలేకపోయాము. నిజానికి పోటీలో ఆ పిల్ల గెలిచినది నాయనమ్మ దగ్గర నేర్చిన బతుకమ్మ పాటతో. కాగితం లేకుండా, ఒక్క అక్షరం తడబడకుండా పాడింది. అందరమూ విన్నాము, బహుమానమూ ఇచ్చాము. ఆ పాటను మాత్రం రికార్డు చేయించాలని ఒక్కరికీ తోచలేదు.

ఇకమీదట గెలిచినవారే తమ పాట ఎంచుకోవాలని మొన్నటి సమావేశంలో ప్రతిపాదించాము. సంఘగీతం రాసినవారు ఇంకా ఒప్పుకోలేదు; వారితో మాట్లాడుతున్నాము. ఈలోగా ఆ పిల్లను బతిమాలి తీసుకువచ్చాము. నాయనమ్మ కూడా వచ్చింది, ముందు వరుసలోనే ఉన్నది. రికార్డు చేసే అబ్బాయి సిద్ధంగా ఉన్నాడు కనుక పాట పూర్తయ్యేవరకు దయచేసి చప్పట్లు కొట్టకండి. ఆ మైకు కాస్త కిందికి దించండి నాయనా, పిల్ల పొట్టిది.