పంపు, పైపు, కిడ్నీ కబురు

 

మనం చదువుకునే రోజుల్లో శంషాబాద్ చుట్టూ ద్రాక్షతోటలుండేవి. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలైంది. అక్కడ నీటి పంపులు, పైపులు చూసే ఇంజనీరును నేను. పైపులో ఒత్తిడి పెరిగితే పంపునో పైపునో అనుమానిస్తాం.

నా బీపీ 160/100 ఉన్నప్పుడు డాక్టరుగారు మూడోది చెప్పారు: రక్తంలో తిరిగే కబురు. రక్తం చాలడం లేదనిపిస్తే కిడ్నీ రెనిన్‌ను వదులుతుంది. దానివల్ల పుట్టే యాంజియోటెన్సిన్ రక్తనాళాలను బిగిస్తుంది. ఆల్డోస్టిరాన్‌ను పురికొల్పి ఉప్పును, నీటిని ఒంట్లో నిలుపుతుంది. ఈ రెనిన్‌ను 1898లోనే టైగర్‌స్టెడ్, బెర్గ్‌మన్ కుందేలు కిడ్నీలో కనుగొన్నారు. నేను వేసుకునే టెల్మిసార్టాన్ ఆ కబురు రక్తనాళానికి అందకుండా అడ్డుపడుతుంది.

ఒంట్లో బాగానే ఉందని మూడు నెలలు మాత్ర మానేశాను. కబురు మాత్రం ఆగలేదు. ఒక తెల్లవారుజామున డ్యూటీలో కుడిచేయి మొద్దుబారింది, మాట తడబడింది. తోటివాళ్లు వేళకు ఆసుపత్రికి చేర్చారు కాబట్టే ఈరోజు మీ ముందు మాట్లాడుతున్నాను.

మన బ్యాచ్‌లో అందరం యాభై దాటాం. ఇంజనీరు గేజి చూడకుండా పంపును నమ్మడు. మీరూ బీపీ చూపించుకోండి. ఆవకాయ కాస్త తగ్గించండి. డాక్టరును అడగకుండా మాత్ర మానకండి. సెలవు.