పడికట్టు రాయి బరువెంత?

 

స్నాతకోత్సవంలో పెద్ద పెద్ద మాటలు చెప్పడం ఆనవాయితీ. నేను మాత్రం ఒక మైనపు దిమ్మ గురించి మాట్లాడతాను. ఏ క్యాన్సర్ ఆసుపత్రి పాథాలజీ విభాగానికి వెళ్లినా బీరువాల నిండా అవే ఉంటాయి. ఆపరేషన్‌లో తీసిన కణితి ముక్కను ఫార్మలిన్‌లో నానబెట్టి, పారఫిన్ మైనంలో పోతపోసి దాచిన దిమ్మలవి. మైక్రోటోమ్ మీద కోస్తే వెంట్రుకకన్నా పలచని పొర చుట్టలు చుట్టుకుంటూ రాలుతుంది. ఆ చుట్టలో ఏనాటి రోగివో కణాలు, వాటిలో ఆర్‌ఎన్‌ఏ. కాకపోతే చితికిపోయిన ఆర్‌ఎన్‌ఏ. ఫార్మలిన్ దాన్ని ప్రొటీన్లతో ముడివేస్తుంది. దిమ్మ పాతబడేకొద్దీ అది తునకలవుతూ పోతుంది. అందుకే ఆర్‌ఎన్‌ఏను కొలిచే క్యూపీసీఆర్ పరీక్షలో వంద బేసుల లోపు తునకలనే ఎంచుకుంటాం.

ఒక్కో దిమ్మలో ఆర్‌ఎన్‌ఏ ఒక్కోలా చెడుతుంది. కాబట్టి మారదని నమ్మిన మరో జన్యువుతో పోల్చి కొలుస్తాం. ఆ రిఫరెన్స్ జన్యువే మన పడికట్టు రాయి. మరి రాయి బరువెంతో ఎవరు చూశారు? జీఏపీడీహెచ్ ఎందుకు వాడావని అడిగితే "సీనియర్లు వాడారు సార్" అంటారు. (నవ్వుతున్నారంటే మీ ల్యాబులోనూ అంతేనన్నమాట.) జీఏపీడీహెచ్ గ్లూకోజును విరిచే ఎంజైము తాలూకు జన్యువు. కణితి గ్లూకోజును ఆబగా వాడుకుంటుంది. ఆక్సిజన్ అందని చోట ఈ జన్యువు మరింత విజృంభిస్తుంది. రాయి బరువెక్కితే సరుకు తక్కువగా తూగుతుంది. సంకేతం ఎన్నో ఆవృత్తిలో కనిపించిందో చెప్పే సీటీ విలువలో ఒక్క అంకె తేడా అంటే దాదాపు రెండింతల తేడా అని మీకు వేరే చెప్పాలా?

2002లో బెల్జియంలోని ఘెంట్ శాస్త్రజ్ఞులు జీనార్మ్ పద్ధతి తెచ్చారు. పలు జన్యువులను జతలుగా పోల్చి, నిలకడైన వాటిని ఏరి, వాటి గుణమధ్యమంతో కొలవమన్నారు. మంచి పద్ధతే. కానీ రెండు జన్యువులు కలిసి పెరిగి కలిసి తగ్గితే, రెండూ నిలకడగా ఉన్నట్టే చూపిస్తుంది. ఇదేమీ గ్రంథాల్లో మిగిలిపోయే గొడవ కాదు. రొమ్ము క్యాన్సర్‌కు వాడే ఆంకోటైప్ డీఎక్స్ పరీక్ష ఇలాంటి దిమ్మల మీదే 21 జన్యువులను కొలుస్తుంది. అందులో 5 రిఫరెన్స్ జన్యువులే. ఆ కొలతలతో వచ్చే స్కోరును బట్టే కొందరికి కీమోథెరపీ వద్దంటారు.

రిఫరెన్స్ జన్యువు కోర్టులో సాక్ష్యం చెప్పిన కథ కూడా ఒకటుంది. ఆటిజం, పేగు జబ్బు ఉన్న పిల్లల పేగు ముక్కల్లో తట్టు వైరస్ ఆర్‌ఎన్‌ఏ దొరికిందని 2002లో ఒక ల్యాబ్ ప్రచురించింది. నెపం టీకా మీదికి వెళ్లింది. 2007లో అమెరికా టీకా పరిహార కోర్టు ముందు క్యూపీసీఆర్ నిపుణుడు స్టీఫెన్ బస్టిన్ ఆ ల్యాబ్ ముడి డేటాను విప్పి చూపించారు. అందులో తాజాగా ఘనీభవింపజేసిన ముక్కలూ ఉన్నాయి, ఫార్మలిన్ ముక్కలూ ఉన్నాయి. ఫార్మలిన్ వాటిలో జీఏపీడీహెచ్ సంకేతం ఆలస్యంగా వచ్చింది. చితికిన ఆర్‌ఎన్‌ఏ కదా, రావాల్సిందే. వైరస్ సంకేతం మాత్రం రెండింటిలోనూ ఒక్కలాగే ఉంది! ఫార్మలిన్ ఒక ఆర్‌ఎన్‌ఏను చిదిమి పక్కదాన్ని ముట్టకుండా వదులుతుందా? పైగా ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్ చేయకపోయినా ఆ సంకేతం వచ్చింది. తట్టు వైరస్‌కు డీఎన్‌ఏ దశే లేదు. కాబట్టి అది పిల్లల కణాల్లోది కాదు, బయటి నుంచి చొరబడిన డీఎన్‌ఏ. టీకా వల్లే ఆటిజం వచ్చిందన్న దావాను 2009లో కోర్టు తోసిపుచ్చింది. ఇందాక నేను తిట్టిన జీఏపీడీహెచే ఇక్కడ నిజం పట్టిచ్చింది. అక్కడ అడిగిన ప్రశ్న వేరు మరి: కొలత ఎంతని కాదు, ఆర్‌ఎన్‌ఏ చెడిందా లేదా అని.

అదే ఏడాది బస్టిన్, సహచరులు కలిసి క్యూపీసీఆర్ ప్రయోగాలకు మిక్ (MIQE) మార్గదర్శకాలు ప్రచురించారు. 2025లో రెండో కూర్పు వచ్చింది. రిఫరెన్స్ జన్యువును ఏ ఆధారంతో ఎంచుకున్నారో రాయమని అవి అడుగుతాయి. మీరు కొత్త ల్యాబులో చేరగానే పాత దిమ్మలు కొన్ని, కొత్తవి కొన్ని, కణితివీ పక్కనున్న మామూలు కణజాలానివీ తీసుకోండి. టీబీపీ, హెచ్‌పీఆర్‌టీ1, గస్‌బీ వంటి ఓ పది జన్యువులను వాటి మీదే పరీక్షించండి. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయని గొట్టం ఒకటి పక్కనే పెట్టండి. మీ గైడు టైమంతా పోతోందని విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఇక నేను కూర్చుంటాను. మీ పేర్లు పిలవడానికి రిజిస్ట్రార్ గారు చాలాసేపటి నుంచి కాగితాలు సర్దుకుంటున్నారు.